పేగు లయ పేగులోనే పుడుతుంది

సంపాదకులకు,

నమస్కారం. మీ పత్రిక ఆరోగ్య పుటలో ఇటీవల వెలువడిన జీర్ణకోశ వ్యాధుల వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఆహార నియమాల గురించీ, పీచు పదార్థాల గురించీ, వేళకు భోజనం చేయడం గురించీ వ్యాసకర్త చెప్పినవి మేలైన మాటలు. అయితే అందులోని రెండు వాక్యాల గురించి చెప్పక తప్పదనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. పేగులు కదలాలంటే ప్రతి కదలికకూ మెదడు నుంచి నాడుల ద్వారా ఆజ్ఞ అందాలన్నది మొదటిది. ఎండోస్కోపీలోనూ స్కానింగులోనూ ఏమీ కనిపించకుండా కడుపుబ్బరం, వికారం వేధిస్తుంటే అది మనసుకు సంబంధించినదే తప్ప కడుపుకు సంబంధించినది కాదన్నది రెండవది. మొదటి మాట తప్పు. ఆ తప్పు మీద ఆధారపడినందువల్ల రెండవ మాటా తప్పయింది. చెన్నైలోని ఒక వైద్య కళాశాలలో చాలాకాలం శరీరధర్మశాస్త్రం బోధించి విశ్రాంత జీవితం గడుపుతున్న దాన్ని గనుక, ఈ రెండింటినీ సరిదిద్దే అవకాశం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఉత్తరం కాస్త పొడవైనా, విషయం అటువంటిది.

మా కాలంలో వైద్య విద్యార్థులకు ప్రయోగశాలలో తప్పనిసరిగా చూపించే ప్రయోగం ఒకటుండేది. కుందేలు చిన్నపేగు నుంచి చిన్న ముక్క తీసి, శరీర ద్రవాన్ని పోలిన లవణాల నీరైన టైరోడ్ ద్రావణం నింపిన గాజు పాత్రలో వేలాడదీసి, ద్రావణాన్ని 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలిపి, అడుగు నుంచి ఆక్సిజన్ బుడగలు వదిలేవాళ్లం. ముక్క పై కొసకు కట్టిన దారం ఒక తేలికపాటి మీటను కదిలిస్తే, ఆ మీట మొన మసిపట్టించిన కాగితం చుట్టిన డ్రమ్ము మీద గీత గీసేది. మెదడుతోగాని, వెన్నుపాముతోగాని, మెదడు నుంచి పొట్టకు దిగే వేగస్ నాడితోగాని ఏ సంబంధమూ మిగలని ఆ పేగు ముక్క చాలాసేపు లయ తప్పకుండా ముడుచుకుంటూ సడలుతూ ఉండేది. ద్రావణంలో నాడులు విడిచే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం రెండు చుక్కలు వేస్తే ముడుపుల ఎత్తు పెరిగేది. అడ్రినలిన్ వేస్తే ముక్క సడలిపోయేది. నీటి వేడి తగ్గిస్తే లయ నెమ్మదించేది. 1904లో జర్మన్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ మాగ్నస్ ప్రవేశపెట్టిన పద్ధతి ఇది. బోధన కోసం జంతువులను ఇలా వాడడం తర్వాతి కాలంలో మానివేశారు, అది సమంజసమే. కాని ఆ గీతను కళ్లారా చూసిన విద్యార్థి, పేగు కదలికకు ఆజ్ఞ మెదడు నుంచే వస్తుందని ఇక ఎన్నడూ రాయడు.

ఇక్కడ చురుకైన విద్యార్థులు ఒక ప్రశ్న వేసేవారు. కోసిన ముక్కలో మెదడు లేకపోవచ్చుగాని నాడీకణాలు ఉన్నాయి కదా అని. నిజమే. పేగు గోడలో పొడుగునా సాగే కండర పొరకూ, చుట్టూ తిరిగే కండర పొరకూ నడుమ ఆవర్‌బాక్ నాడీజాలం ఉంటుంది. జీర్ణనాళం మొత్తంలోని నాడీకణాలను లెక్కగడితే 10 కోట్లకు తక్కువ ఉండవని అంచనా. అందువల్ల లయకు మూలం ఆ నాడీకణాలే కావచ్చునని చాలాకాలం భావించారు. ఈ సందేహాన్ని తీర్చినది ఒక విషం. పఫర్ చేపలో దొరికే టెట్రోడోటాక్సిన్ నాడీకణాల్లోకి సోడియం వెళ్లే మార్గాలను మూసివేసి వాటి సంకేతాలను ఆపేస్తుంది. ఆ విషం కలిపిన ద్రావణంలో కూడా జీర్ణాశయ కండరంలోనూ పేగు కండరంలోనూ విద్యుత్ లయ ఆగదు. మనుషుల్లోనూ దీనికి మరో విధమైన సాక్ష్యం ఉంది. ఆమ్లాన్ని తగ్గించే మంచి మందులు రాకముందు, చిన్నపేగు మొదటి భాగమైన డ్యూడినమ్‌లో పుండుతో బాధపడే దక్షిణాది రోగులకు వేగస్ నాడిని తెగ్గోసే శస్త్రచికిత్స విరివిగా జరిగేది. ఆ నాడి తెగితే జీర్ణాశయం ఖాళీ కావడం మందగిస్తుంది గనుక, ఆహారం దిగడానికి వేరే దారి కూడా అదే శస్త్రచికిత్సలో కల్పించేవారు. అయినా వారి పేగులు నిలిచిపోలేదు. వారంతా ఏళ్ల తరబడి భోంచేసి జీర్ణం చేసుకున్నవారే.

మరి ఆ లయ ఎటువంటిది? పేగు గోడలోని నునుపు కండర కణం విశ్రాంతిగా ఉన్నప్పుడు, బయటితో పోలిస్తే దాని లోపలి వైపు సుమారు 50 నుంచి 60 మిల్లీవోల్టుల రుణ విద్యుత్ పీడనంలో (వోల్టేజిలో) ఉంటుంది. నాడికి భిన్నంగా ఈ పీడనం ఒకచోట నిలవదు. కొన్ని సెకన్లకొకసారి 5 నుంచి 15 మిల్లీవోల్టుల మేర మెల్లగా పైకి లేచి, కాసేపు ఆగి, మెల్లగా దిగుతుంది. వీటిని మంద తరంగాలు అంటారు. మనిషి జీర్ణాశయంలో ఇవి నిమిషానికి 3; చిన్నపేగు మొదటి భాగమైన డ్యూడినమ్‌లో సుమారు 12; చిన్నపేగు చివరి భాగమైన ఇలియమ్‌లో 8 లేదా 9. మనం నిద్రపోతున్నా మెలకువగా ఉన్నా, కడుపు నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా, ఈ అంకెలు పెద్దగా మారవు.

అయితే మంద తరంగం వచ్చిన ప్రతిసారీ పేగు ముడుచుకోదు, ఈ విషయం చాలామంది వైద్య విద్యార్థులకు కూడా ఒక పట్టాన అర్థంకాదు. తరంగపు శిఖరం మైనస్ 40 మిల్లీవోల్టుల హద్దు దాటినప్పుడే దాని మీద చురుకైన విద్యుత్ స్పందనలు మొలుస్తాయి. ఒక్కొక్కటి సెకనులో నూరోవంతు నుంచి యాభయ్యోవంతు సేపు ఉంటుంది. వాటివల్ల కాల్షియం కణంలోకి ప్రవహిస్తుంది. ఆ కాల్షియమే కండరాన్ని ముడిచేది. ఆహారం వచ్చి గోడ సాగినా, నాడులు అసిటైల్‌కోలిన్ విడిచినా కణం పీడనం ఆ హద్దుకు దగ్గరవుతుంది, అప్పుడు ప్రతి తరంగమూ ఒక ముడుపు అవుతుంది. అడ్రినలిన్ వంటివి దానిని హద్దుకు దూరం చేస్తాయి, అప్పుడు తరంగాలు నడుస్తూనే ఉంటాయిగాని పేగు కదలదు. మన చెన్నైలో మార్గశిరపు కచేరీలకు వెళ్లే పాఠకులకు చెప్పాలంటే, మంద తరంగం చేతితో వేసే తాళం వంటిది; గాయకుడు ఏ అక్షరం మీద ఎత్తుకోవచ్చో తాళం నిర్ణయిస్తుంది, ఎత్తుకోవడమూ మానడమూ గాయకుని వంతు. జీర్ణాశయంలో మాత్రం ఒక భేదం ఉంది: అక్కడి మంద తరంగం శిఖరం దగ్గర ఎక్కువసేపు నిలుస్తుంది గనుక, చురుకైన స్పందనలు లేకుండానే, తరంగమే తగినంత ఎత్తుకు లేస్తే కండరం ముడుచుకుంటుంది.

ఈ తాళం వేసేదెవరన్నది వైద్యశాస్త్రంలో దాదాపు వందేళ్లు నలిగిన ప్రశ్న. స్పెయిన్ దేశపు శాస్త్రవేత్త శాంతియాగో రామోన్ ఇ కాహాల్ పంతొమ్మిదవ శతాబ్ది చివరలో పేగు గోడలో నాడీకణాలకూ కండరాలకూ నడుమ చిన్నచిన్న కొమ్మలతో అల్లుకున్న కణాలను చూసి, అవి ఆదిమ నాడీకణాలు కావచ్చునని భావించారు. 1906లో ఆయనకు కామిలో గోల్జీతో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది, అది నాడీవ్యవస్థ నిర్మాణంపై చేసిన కృషికి. పేగులోని ఆ కణాలను మాత్రం ఎక్కువమంది పట్టించుకోలేదు. గుండె లయకు మూలమైన కణుపును 1907లో మార్టిన్ ఫ్లాక్‌తో కలిసి కనుగొన్న ఆర్థర్ కీత్, ఆ తర్వాత కొద్ది సంవత్సరాలకే, పేగులో కూడా గుండెలో వలె లయను పుట్టించే కణజాలం ఉండవచ్చునని సూచించారు. ఆ ఊహ ఎంత సరైనదో తెలియడానికి చాలా దశాబ్దాలు పట్టింది. 1921లో అమెరికా వైద్యుడు వాల్టర్ అల్వారెజ్, పొట్ట గోడ పలచగా ఉన్న ఒక వృద్ధురాలి చర్మం మీద ఎలక్ట్రోడ్లు పెట్టి, జీర్ణాశయం నుంచి నిమిషానికి మూడు చొప్పున వచ్చే తరంగాలను నమోదు చేశారు. తరంగాలు దొరికాయిగాని వాటి పుట్టిల్లు దొరకలేదు.

1982లో డెన్మార్క్‌కు చెందిన లార్స్ థూనెబెర్గ్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఆధారంతో కాహాల్ కణాలే లయకు మూలమని గట్టిగా వాదించారు. తుది రుజువు ఎలుకల నుంచి వచ్చింది. కాహాల్ కణాల ఉపరితలం మీద కిట్ అనే గ్రాహకం, అంటే బయటి సంకేతాలను అందుకునే ప్రోటీన్, ఉంటుంది. అది పనిచేయకపోతే ఆ కణాలు పెరగవు. 1992లో జపాన్ పరిశోధకులు అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఈ గ్రాహకాన్ని అడ్డుకునే యాంటీబాడీ ఇస్తే పేగుల కదలిక అస్తవ్యస్తమైంది. కిట్ జన్యువులో లోపంతో పుట్టిన ఎలుకల చిన్నపేగులో, ఆవర్‌బాక్ నాడీజాలం చుట్టూ ఉండవలసిన కాహాల్ కణాలు కొరవడ్డాయి. నాడీకణాలూ కండరమూ ఉన్నా మంద తరంగాలు లేవు. 1994, 1995 సంవత్సరాల్లో అమెరికాలోనూ కెనడాలోనూ వెలువడిన ఈ ఫలితాలతో చర్చ ముగిసిందనే చెప్పాలి.

ఆ కణంలో లయ ఎలా పుడుతుందో ఇప్పుడు చాలావరకు తెలుసు, ఆ వరుసను పాఠకులకు చెప్పాలని నా ఆకాంక్ష. కాహాల్ కణం లోపల ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ అనే సంచుల్లో కాల్షియం నిల్వ ఉంటుంది. ఆ నిల్వ నుంచి కొంత కాల్షియం తనంత తానుగా విడుదలై, కణపు పైపొర అయిన కణత్వచానికి దగ్గరలో చేరుతుంది. త్వచంలోని ఆనో-1 అనే క్లోరైడ్ మార్గాలు కాల్షియం తగలగానే తెరుచుకుంటాయి. ఈ కణం లోపల క్లోరైడ్ అయాన్లు ముందే ఎక్కువగా పోగుపడి ఉంటాయి గనుక, మార్గం తెరుచుకోగానే అవి బయటికి పోతాయి. రుణ విద్యుదావేశం బయటికి పోతే లోపలి పీడనం పైకి లేస్తుంది. అలా లేచిన పీడనం త్వచంలోని మరోరకం కాల్షియం మార్గాలను తెరిచి, పక్క కణాన్నీ, దాని పక్క కణాన్నీ మేల్కొలుపుతూ సాగుతుంది. కాహాల్ కణాలన్నీ ఒకదానితో ఒకటి గ్యాప్ జంక్షన్ అనే అతుకులతో ముడిపడి ఒక వలగా ఉంటాయి, ఆ వల కండర కణాలతో కూడా ముడిపడి ఉంటుంది. కాబట్టి అక్కడ పుట్టిన విద్యుత్తు కండరంలోకి పాకుతుంది. తర్వాత విడుదలైన కాల్షియం తిరిగి సంచుల్లోకి చేరుతుంది, మార్గాలు మూసుకుంటాయి, పీడనం దిగుతుంది, మళ్లీ నిల్వ నిండగానే మొదటికి వస్తుంది. 2009లో ఆనో-1 మార్గం లేకుండా పెంచిన ఎలుకల్లో మంద తరంగాలే పుట్టకపోవడంతో ఈ వరుసలోని అత్యంత ముఖ్యమైన మెట్టు ఖాయమైంది. విద్యుత్ యంత్రం, దానికి శక్తి, దాని గడియారం, మూడూ ఒకే కణంలో ఉన్నాయి. ఇంతటి ఏర్పాటు మన పొట్టలో ఉన్నదని పదో తరగతి పుస్తకంలో కూడా రాయవచ్చునని నా గట్టి నమ్మకం.

నిమిషానికి 12 నుంచి 8కి ఎందుకు తగ్గుతుందన్నది కూడా ఇక్కడే తేలుతుంది. చిన్నపేగును ముక్కలుగా విడదీస్తే ప్రతి ముక్క తన సొంత వేగంతో నడుస్తుంది, పైముక్క వేగం ఎక్కువ, కిందిముక్క వేగం తక్కువ. కలిసి ఉన్నప్పుడు వేగంగా ఉన్న పైభాగం తన కిందనున్న కొంత నిడివిని తన లయకు తెచ్చుకుంటుంది. దూరం పెరిగే కొద్దీ ఆ పట్టు సడలి, అక్కడినుంచి మరో భాగం తన లయ మొదలుపెడుతుంది. అందుకే తరంగాలు పైనుంచి కిందికి సాగుతాయి, ఆహారమూ సాధారణంగా ఆ దిశలోనే కదులుతుంది. జీర్ణాశయంలో లయ పుట్టే చోటు పెద్ద వంపు వైపు, నడిభాగంలో ఉంది. ఒక తరంగం కింది ద్వారం చేరకముందే పైన మరోటి బయలుదేరుతుంది. దానికీ పైనున్న గుమ్మటం వంటి భాగంలో మంద తరంగాలు ఉండవు, ఆ భాగం పని ఆహారానికి చోటివ్వడమే.

మెదడుకూ నాడులకూ ఇందులో వాటా లేదని ఎవరూ అనుకోరాదు. వేగస్ నాడి జీర్ణాశయం ఎంత బలంగా ముడవాలో, ఎంత సడలాలో నిర్ణయిస్తుంది. ఆందోళనలో కడుపు మారాం చేయడం అందరి అనుభవం. పేగులోపలి నాడీకణాలు ఆహారానికి పైవైపు గోడను ముడిచి, కిందివైపు సడలించి, ముద్దను ముందుకు నెడతాయి. 1899లో ఇంగ్లండ్‌లో బేలిస్, స్టార్లింగ్ దీనిని పేగు నియమంగా నిరూపించారు. ఆ సడలింపుకు పేగు నాడులు వాడే రసాయనాల్లో ఏటీపీ ఒకటని 1970 ప్రాంతంలో జెఫ్రీ బర్న్‌స్టాక్ చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదు. ఏటీపీ అంటే కండరానికి శక్తినిచ్చే పదార్థం, అది సంకేతం ఎలా అవుతుందని. ఆ ఏటీపీని 1929లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలో గుర్తించినవారు మన భీమవరంలో పుట్టి మద్రాసు వైద్య కళాశాలలో చదివిన యెల్లాప్రగడ సుబ్బారావు గారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనుగొన్నారు. పేగు కండరం ముడవడానికి ఖర్చయ్యేదీ, సడలమని చెప్పేదీ కూడా ఆ పదార్థమే కావడం తెలుగువారికి తెలియవలసిన విషయమని ఇక్కడ రాశాను.

పరగడుపున కనిపించే మరో లయ కూడా ఉంది. చివరి భోజనం జీర్ణమయ్యాక 90 నుంచి 120 నిమిషాలకొకసారి జీర్ణాశయం నుంచి చిన్నపేగు చివరివరకు బలమైన ముడుపుల వరుస ఒకటి నెమ్మదిగా సాగి, మిగిలిన తుక్కును ముందుకు తోసేస్తుంది. 1969లో జోసెఫ్ షర్షెవ్‌స్కీ దీనిని కుక్కల్లో వర్ణించారు. ఏదైనా తినగానే ఇది ఆగిపోతుంది. అందువల్ల గంటగంటకూ పాలు పోసిన కాఫీ, దానితో చిరుతిండి తీసుకునే వారికి ఈ వరుస పూర్తయ్యే వ్యవధి దొరకడం కష్టం.

ఇక వ్యాసంలోని రెండవ వాక్యం. నాకు బాధ కలిగించినది అసలు అదే. భారత వైద్య పరిశోధన మండలి ఆర్థిక సహాయంతో చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ నిర్వహించిన దేశవ్యాప్త సర్వే 2023లో వెలువడింది. దాని ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్లు. ఏళ్ల తరబడి మధుమేహం ఉన్నవారిలో కొందరికి జీర్ణాశయం మందగిస్తుంది. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం, ఉదయం తిన్నది సాయంత్రం వాంతి కావడం, వికారం, ఉబ్బరం వేధిస్తాయి. ఎండోస్కోపీలో పుండు ఉండదు, స్కానింగులో గడ్డ ఉండదు. కాని శస్త్రచికిత్స సమయంలో తీసిన జీర్ణాశయ గోడ ముక్కలను అమెరికాలో సూక్ష్మదర్శిని కింద పరీక్షించినప్పుడు, ఇలాంటి రోగుల్లో దాదాపు సగం మందిలో కాహాల్ కణాలు బాగా తగ్గి కనిపించాయి. ఆరోగ్యవంతుల్లో కూడా వయసుతోపాటు ఈ కణాలు పదేళ్లకు సుమారు 13 శాతం చొప్పున తగ్గుతాయని మరో పరిశోధన చూపింది. కనిపించని జబ్బు లేని జబ్బు కాదు. ఎండోస్కోపీ చూసేది లోపలి పొరను మాత్రమే, ఈ కణాలు ఉన్నది ఆ పొర వెనక కండరంలో. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి చెన్నై ఆసుపత్రులకు వచ్చే మన వాళ్లలో, అమ్మా, నీకేమీ లేదు, అంతా నీ ఊహ అని విని కళ్లనీళ్లతో తిరిగి వెళ్లిన వారిని నేను చూశాను. మీ వ్యాసం చదివినవారు ఇక ఇంట్లోవారి నుంచి కూడా అదే మాట వింటారు.

లయ చెడడం కూడా కొలిచి చూడగలిగినదే. తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల్లో వికారంతో నిమ్మకాయ వాసన చూసే ప్రయాణికుల గురించి అందరికీ తెలుసు. అమెరికాలో రాబర్ట్ స్టెర్న్, కెన్నెత్ కోచ్ తదితరులు 1980లలో తిరిగే చారల డ్రమ్ములో మనుషులను కూర్చోబెట్టి చర్మం మీది ఎలక్ట్రోడ్లతో చూసినప్పుడు, వికారం కలిగినవారి జీర్ణాశయ తరంగాలు నిమిషానికి మామూలుగా ఉండే 3ను దాటి 4, 9ల మధ్యకు ఎగబాకాయి. ఇక పొట్ట ఆపరేషన్ తర్వాత వైద్యులు రోజూ అడిగే గాలి పోయిందా అన్న ప్రశ్న వెనకున్నదీ పేగు కదలికే. చిన్నపేగు కొన్ని గంటల్లోనే కోలుకుంటుంది, జీర్ణాశయానికి ఒకటి రెండు రోజులు, పెద్దపేగుకు రెండు మూడు రోజులు పడుతుంది. గాలి పోయిందంటే పెద్దపేగు కూడా కదలడం మొదలుపెట్టిందన్నమాట.

ఈ కణాల నుంచే ఒక రకం కణితి కూడా పుడుతుంది, దానిని జిస్ట్ అంటారు. కిట్ గ్రాహకం జన్యులోపం వల్ల ఎప్పుడూ పనిచేస్తూనే ఉండే స్థితిలో చిక్కుకుని కణాలను ఆగకుండా పెంచుతుందని 1998లో జపాన్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. ఆ గ్రాహకాన్ని అడ్డుకునే ఇమాటినిబ్ అనే మాత్ర అంతకుముందు రక్త క్యాన్సర్ కోసం తయారైనది; 2002 నుంచి జిస్ట్‌కు కూడా వాడుతున్నారు. ఈ మాత్ర కథలో మన ఊరికి పెద్ద భాగమే ఉంది. ఇమాటినిబ్ యొక్క ఒక స్ఫటిక రూపానికి పేటెంటు కోరుతూ నోవార్టిస్ అనే మందుల కంపెనీ పెట్టిన దరఖాస్తును చెన్నై పేటెంట్ కార్యాలయం 2006 జనవరిలో తిరస్కరించింది. చట్టాన్నే సవాలు చేసిన పిటిషన్‌ను మద్రాసు హైకోర్టు 2007 ఆగస్టులో కొట్టివేసింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కంపెనీ అప్పీలును కొట్టివేస్తూ తుది తీర్పు ఇచ్చింది. ఆ తీర్పువల్ల చౌక మాత్రలు మిగిలాయి. కాహాల్ చూసిన కణాలకూ, ఈ నగరంలోని కోర్టుకూ ఇటువంటి సంబంధం ఏర్పడుతుందని ఆయన కాలంలో ఎవరు ఊహించగలరు?

మన ఇళ్లలో ఇవన్నీ గ్యాస్ ట్రబుల్ అనే ఒకే పేరుతో చలామణీ అవుతాయి. మందుల దుకాణంలో అడిగితే పాంటోప్రజోల్, డోంపెరిడోన్ కలిపిన మాత్ర చీటీ లేకుండానే చేతికి వస్తుంది. డోంపెరిడోన్ కడుపు ఖాళీ కావడానికి కొంత తోడ్పడుతుందిగాని, తగ్గిపోయిన కాహాల్ కణాలను అది పుట్టించదు. కొందరిలో గుండె లయను చెడగొట్టగలదు గనుక నెలల తరబడి సొంతంగా మింగే మందు కాదు. పెద్దవయసు వారు, గుండెజబ్బు ఉన్నవారు వైద్యునికి చెప్పకుండా దానిని కొనసాగించరాదు.

మీకు నా విన్నపం రెండు విషయాలు. మొదటిది, సవరణ. పేగుల విద్యుత్ లయ పేగు గోడలోని కాహాల్ కణాలలో పుడుతుందనీ, నాడులూ హార్మోన్లూ దానిని హెచ్చుతగ్గులు చేస్తాయనీ, ఎండోస్కోపీ మామూలుగా ఉన్నంత మాత్రాన జీర్ణాశయం ఆరోగ్యంగా ఉన్నట్టు కాదనీ మీ ఆరోగ్య పుటలో స్పష్టంగా ప్రచురించండి. రెండవది, జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని కొలిచే పరీక్ష గురించి తెలుగులో ఒక సమాచార పెట్టె వేయండి. అతి తక్కువ రేడియోధార్మిక పదార్థం కలిపిన ఆహారం తినిపించి నాలుగు గంటలపాటు కెమెరాతో చూస్తారు. నాలుగో గంటకు పదో వంతుకు మించి ఆహారం కడుపులోనే మిగిలి ఉంటే ఖాళీ కావడం ఆలస్యమవుతున్నట్టు లెక్క. కోడిగుడ్డు తెల్లసొనతో చేయడం మామూలు. గుడ్డు తినని వారికి ఇడ్లీతో చేసే పద్ధతులూ దక్షిణాదిలో ఉన్నాయి, ముందుగా అడిగి తెలుసుకోవాలి. పేగు కదలికను మార్చే మందులను వైద్యుని సలహాతో రెండు మూడు రోజుల ముందు నుంచి ఆపాలి, ఆ ఉదయం రక్తంలో చక్కెర మరీ ఎక్కువగా ఉంటే జీర్ణాశయం తాత్కాలికంగా మందగించి ఫలితం తప్పుతుంది, పరగడుపున రావాలి. సూళ్లూరుపేట, గూడూరు, నాయుడుపేట నుంచి తెల్లవారుజామున రైలెక్కి వచ్చేవారు దారిలో టిఫిన్ చేసి వస్తే పరీక్ష ఆ రోజు జరగదు, మరో రోజు మళ్లీ రావలసి ఉంటుంది. ఈ వివరాలన్నీ ఆసుపత్రుల్లో తమిళంలోనూ ఇంగ్లీషులోనూ ఉన్న కాగితాల మీద దొరుకుతాయి. తెలుగులో మీ పత్రికలో వస్తే వాటిని కత్తిరించి దాచుకునేవారు చాలామంది ఉంటారు.

ఇట్లు,
భవదీయురాలు,
విశ్రాంత శరీరధర్మశాస్త్ర అధ్యాపకురాలు,
పెరంబూరు, చెన్నై.